ప్రైమరీ ప్రచారానికి బయలుదేరిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నవంబరు ఎన్నికలో నిలబడే మన రిపబ్లికన్ పార్టీ సెనేట్ అభ్యర్థిని ఓటర్లు ముందుగా ఎంచుకునే ప్రైమరీ ప్రచారంలో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ అభ్యర్థి, నా అభ్యర్థి ఒకరు కాదని చెబుతూ కాస్త బెంగపడింది కూడా. బెంగ ఎందుకు? పన్నులు తక్కువగా ఉండాలని, పిల్లల చదువు విషయంలో తల్లిదండ్రుల మాట చెల్లాలని, వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం అన్నిటిలోనూ తలదూర్చకూడదని ఇద్దరమూ నమ్ముతాం. ఆ పనికి ఎవరు తగినవారన్న దగ్గరే మనకు తేడా. ఆ తేడా తేల్చుకోవడానికే ప్రైమరీ ఉంది. డాలస్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా ఇంటింటికీ తిరిగినదాన్ని కనుక, నీ వైపు పనికొస్తుందని తెలిసినా నా అనుభవం దాచుకోకుండా రాస్తున్నాను.

ముందు 2012 సంగతి తెలుసుకో. కే బెయిలీ హచిసన్ తప్పుకోవడంతో టెక్సాస్ సెనేట్ స్థానం ఖాళీ అయింది. డేవిడ్ డ్యూహర్స్ట్ 2003 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్, సొంత డబ్బు దండిగా ఉన్నవాడు, గవర్నర్ రిక్ పెర్రీ మద్దతు ఉన్నవాడు. ఎదురుగా టెడ్ క్రూజ్, అంతకుముందు ఎన్నికైన పదవి ఒక్కటీ చేయలేదు. మార్చిలో జరగాల్సిన ప్రైమరీ నియోజకవర్గాల పునర్విభజన వివాదం కోర్టుకెక్కడంతో మే 29కి వాయిదా పడింది. ఆ వ్యవధి క్రూజ్‌కు బాగా కలిసొచ్చింది. పది ఇరవై మంది కూడే చిన్న సమావేశాలను కూడా ఆయన వదల్లేదు. అయినా తొలి విడతలో డ్యూహర్స్ట్‌కు 44.6 శాతం, క్రూజ్‌కు 34.2 శాతం. టెక్సాస్‌లో సగం దాటితేనే గెలుపు కనుక జులై 31న రెండో విడత పెట్టారు.

ఇక్కడ అంకెలు జాగ్రత్తగా చూడు. తొలి విడతలో సుమారు 14 లక్షల మంది ఓటేస్తే, మండుటెండల్లో జరిగిన రెండో విడతకు వచ్చినవాళ్లు సుమారు 11 లక్షలు. డ్యూహర్స్ట్ ఓట్లు 6 లక్షల 28 వేల నుంచి 4 లక్షల 80 వేలకు పడిపోయాయి. క్రూజ్ ఓట్లు 4 లక్షల 80 వేల నుంచి 6 లక్షల 32 వేలకు పెరిగాయి. ఇద్దరి అంకెలూ దాదాపు తారుమారయ్యాయి! రెండున్నర కోట్లు దాటిన జనాభాలో మన పార్టీ సెనేట్ అభ్యర్థిని తేల్చినవాళ్లు 11 లక్షల మంది. అందుకే చెబుతున్నాను, తొలి విడత రాత్రి మీవాళ్లు ముందున్నా వెనకున్నా, మర్నాడు పొద్దున్నే జాబితా పట్టుకుని బయలుదేరు. ఆ వారం విశ్రాంతి తీసుకున్నవాళ్లు ఓడిపోవడం కళ్లారా చూశాను.

జాబితా అన్నాను కదా. మన రాష్ట్రంలో ఓటరు నమోదులో పార్టీ పేరు ఉండదు. కానీ ఎవరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది రికార్డులో ఉంటుంది. గత మూడు ప్రైమరీలకూ వచ్చినవాళ్ల ఇళ్లకు ముందు వెళ్లు. రెండో విడతలో ఇంకో విషయం గుర్తుంచుకో. తొలి విడతలో డెమొక్రాట్ల ప్రైమరీలో ఓటేసినవాళ్లు మన దాంట్లో ఓటేయలేరు. అసలు ఏ ప్రైమరీకీ రానివాళ్లు మాత్రం వేయవచ్చు. 2014లో మిసిసిపీ రాష్ట్రంలో ఇలాంటి నియమమే అప్పటి సెనేటర్ థాడ్ కాక్రన్‌ను నిలబెట్టింది. తొలి విడతలో ప్రత్యర్థి క్రిస్ మెక్‌డానియల్ కంటే రవ్వంత వెనకబడ్డ ఆయన, మూడు వారాల్లో కొత్త ఓటర్లను, అందులోనూ నల్లజాతి ఓటర్లను కదిలించి ఏడు వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. మెక్‌డానియల్ కోర్టుకు వెళితే, గడువు దాటాక వేశారని కేసు కొట్టేశారు. గడువుల కాగితం ఒకటి నీ బల్ల మీద అంటించుకో తల్లీ.

తలుపు తీసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఆస్తి పన్ను గురించే. మన రాష్ట్రంలో వ్యక్తుల మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, భారమంతా ఇంటి మీద పడుతోంది, వాళ్ల బాధ నిజమే. కానీ ఆ పన్ను సెనేటర్ చేతిలో లేదు. అది కౌంటీ, బడి పాలకమండలి, రాజధాని ఆస్టిన్‌లోని రాష్ట్ర శాసనసభల పని. ఒకసారి నేను, ‘మా అభ్యర్థి తగ్గిస్తారు’ అని నోరు జారాను. ఆ ఇంటి పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, నెమ్మదిగా, ‘అమ్మా, అది ఆయన పని కాదు కదా’ అన్నారు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. తెలియనిది తెలియదని చెప్పి, మళ్లీ వెళ్లి జవాబు ఇవ్వు.

ఇక మన తెలుగువాళ్ల విషయం. అభిమానంతో హెచ్-1బి మీద ఉన్న పిల్లలు చందా ఇస్తామంటారు. తీసుకోకూడదు, అది నేరం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, పౌరులు మాత్రమే ఇవ్వవచ్చు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరున ఇవ్వడమూ నేరమే. జీతం లేకుండా ఫోన్లు చేయడానికి, కుర్చీలు సర్దడానికి ఆ పిల్లలు రావచ్చు, కానీ ప్రచార నిర్ణయాల్లో పాల్గొనకూడదు. కరపత్రం తలుపుకు తగిలించు గానీ తపాలా పెట్టెలో వేయకు, చట్టం ఒప్పుకోదు. పోలింగ్ కేంద్రం తలుపు నుంచి వంద అడుగుల లోపల ప్రచారపు చొక్కాతో నిలబడకు.

చివరగా నా అభ్యర్థి గురించి. ఆయన ఓటింగు రికార్డును ఎంతైనా విమర్శించు, సభలో ఏ బిల్లుకు ఎటు ఓటేశారో చదివి నిలదీయి. ఇంట్లోవాళ్లను మాత్రం లాగకు, పుకార్లు మోయకు. నీ అభ్యర్థి గెలిస్తే నవంబరులో ఓట్లు అడగడానికి నువ్వు మళ్లీ రావలసింది మా ఇళ్లకే. అప్పుడు మా వీధి మొత్తం నేనే తిప్పుతాను, మాటిస్తున్నాను. నా అభ్యర్థి గెలిస్తే నువ్వు కూడా నాతో తిరగాలి మరి.

ముందస్తు ఓటింగు మొదలయ్యే లోపు ఒక ఆదివారం రా. మీ ప్రీసింక్ట్, అంటే మీ పోలింగ్ ప్రాంతపు ఓటర్ల జాబితా తెచ్చుకో. మధ్యాహ్నం భోంచేశాక, ఏ ఇంట్లో చెవులు వినబడని ముసలావిడ ఉందో, ఏ ఇంటికి సాయంత్రం ఆరు తర్వాతే వెళ్లాలో గుర్తులు పెట్టి ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ