‘మస్తుంది’ అంటే ఏం సరిచేయాలి?

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్ మీద డప్పు శబ్దాలతో ఎలక్ట్రానిక్ ట్రాకులు చేస్తున్నాను. దోస్తులకు పంపిస్తే ‘మస్తుంది’ అంటారు, లేదంటే ‘బేస్ ముద్దగుంది’ అంటారు. ఏం సరిచేయాలో తెలుస్తలేదు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు, వాళ్లు దేంట్లో విన్నారో అడగండి. ఫోన్ స్పీకర్లో 150 హెర్ట్జ్ కింది లోతైన శబ్దం దాదాపు వినపడదు. బరాత్‌లో డీజే బాక్సుల ముందు అదే గుండెల మీద కొడుతుంది. హెడ్‌ఫోన్‌లో విన్నవాళ్లు ‘ముద్ద’ అంటే నమ్మండి. సాధారణంగా కిక్ (పెద్ద డ్రమ్ లోతు దెబ్బ), బేస్ రెండూ 50–80 హెర్ట్జ్ దగ్గర ఒకదానిమీద ఒకటి పడతాయి. కిక్ పడ్డప్పుడల్లా బేస్ 3–4 డెసిబెల్స్ తగ్గేలా సైడ్‌చెయిన్ అనే సెట్టింగ్ పెట్టండి. డప్పులో 90 హెర్ట్జ్ కింద కోసేయండి. పుల్ల దెబ్బ చురుకు పైన 2–5 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

‘ఎట్లుంది?’ అని అడిగితే ‘మంచిగుంది’ అనే వస్తుంది. ‘1:10 దగ్గర డప్పు వచ్చినంక బేస్ వినిపిస్తుందా?’ అని ఒక్కటే అడగండి. పాత, కొత్త మిక్సులు రెండూ పంపితే వాల్యూమ్ సమానం చేయండి, లేకుంటే గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. వాట్సాప్‌లో అయితే ఫైల్ ఉన్నదున్నట్టు చేరేలా డాక్యుమెంట్‌గా పంపండి.

మీరు వేరేవాళ్ల ట్రాక్ వింటే ‘నచ్చలే’ అనకండి, ‘0:45లో సింథ్ (సింథసైజర్ శబ్దం) పాడే గొంతును కప్పేస్తుంది’ అని చెప్పండి.