ఎస్వీఆర్ గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోపం నన్నూ ఊపేసింది. ఎస్వీ రంగారావు గారికి పద్మశ్రీ రాలేదు, జాతీయ అవార్డు రాలేదు, ఇంతకన్నా ఘోరం ఉంటుందా అని నువ్వు అడిగిన చోట నేను పూర్తిగా నీ పక్షమే. రెండోసారి పెన్సిల్ చేతిలో పెట్టుకుని చదివాను. నాలుగు పేజీల్లో ‘అన్యాయం’ అనే మాట పదకొండు చోట్ల కనిపించింది. ఆయన ఏ సినిమాలో, ఏ సీన్‌లో, ఏం చేశారో చెప్పే వాక్యం ఒక్కటీ దొరకలేదు. ‘విశ్వనటచక్రవర్తి’ అని రాశావు, ‘మహానటుడు’ అని రాశావు. ఆ బిరుదులు మనకు తెలిసినవే. రంగారావు గారిని ఒక్కసారీ చూడని కుర్రాడు నీ వ్యాసం చదివితే, ఎవరో పెద్దాయనకు ఏదో రాలేదట అనుకుని పేజీ తిప్పేస్తాడు.

అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

నీ వయసులో నేనూ ఇలాంటి వ్యాసమే రాశాను. ‘శంకరాభరణం’ చూసిన మత్తులో ఉన్న రోజులు. ఆ సినిమాకు కె.వి.మహదేవన్, బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాం ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. జనాదరణ పొందిన ఉత్తమ చిత్రంగా సినిమాకూ వచ్చింది. శంకరశాస్త్రిగా నటించిన జె.వి.సోమయాజులు గారికి మాత్రం రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. సినిమా 1980 ఫిబ్రవరిలో విడుదలైంది కదా అని 1980 అవార్డుల జాబితా తీశాను. ఆ ఏడాది ఉత్తమ నటుడు మలయాళ నటుడు బాలన్ కె. నాయర్, సినిమా ‘ఒప్పోల్’. ఆ సినిమా నేను చూడలేదు. చూడకుండానే, శంకరశాస్త్రి ముందు అదెంత అన్న ధోరణిలో రెండు పేరాలు రాసేశాను. అచ్చయింది కూడా. వారం తిరక్కుండా ఒక పాఠకుడి పోస్టుకార్డు వచ్చింది. జాతీయ అవార్డులకు సినిమా విడుదలైన తేదీ లెక్కలోకి రాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ చూస్తారు, ‘శంకరాభరణం’ 1979 సినిమాల్లో పోటీ పడింది, ఆ ఏడాది ఉత్తమ నటుడు ‘స్పర్శ్’ సినిమాకు నసీరుద్దీన్ షా అని రాశాడాయన. చివర్లో ఒకే ప్రశ్న: మీరు ‘స్పర్శ్’ చూశారా?

నేను చూడలేదు. ఒక మంచి నటుడిని ఏ సంబంధమూ లేని గొడవలోకి లాగి అవమానించానన్న సిగ్గు చాలాకాలం ఉండిపోయింది. తర్వాత ‘స్పర్శ్’ సంపాదించి చూశాను. అంధుల బడికి ప్రిన్సిపాల్ పాత్ర. చూపు లేదు. ఎవరైనా జాలిపడి చేయి అందించబోతే ముడుచుకుపోయే అభిమానం. నసీరుద్దీన్ షా ఆ అభిమానాన్నే నటించాడు, గుడ్డితనాన్ని దాని వెనకే ఉంచేశాడు. అది చూశాక సోమయాజులు గారి మీద గౌరవం పిసరంత కూడా తగ్గలేదు. కానీ ‘ఈయనకెందుకు రాలేదు’ అని అడగడం మానేశాను. ఈ ఇద్దరిలో నేనైతే ఎవరికి ఇస్తాను, ఎందుకిస్తాను అని అడుక్కోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ నా ఓటు సోమయాజులు గారికే. పాడుతూ పాడుతూ స్వరం తప్పిన కూతుర్ని ‘శారదా!’ అని ఒక్క అరుపుతో ఆపేస్తారు చూడు, ఆ గొంతులో కోపం ఎంత, సంగీతానికి దెబ్బ తగిలిందన్న నొప్పి ఎంత అని ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను. నా ఓటుకు కారణం అదీ. నువ్వు ఒప్పుకోకపోవచ్చు, కానీ నాతో వాదించడానికి నీకొక సీన్ దొరికింది.

ఇక నీ వ్యాసం సంగతి. ‘జాతీయ అవార్డు కమిటీలు రంగారావును పదే పదే తిరస్కరించాయి’ అని రాశావు. ఏ ఏడాది? ఏ సినిమాకు? జాతీయ అవార్డులు మొదలైంది 1954లోనే అయినా, చాలా ఏళ్లు అవి సినిమాలకే తప్ప నటీనటులకు లేవు. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి అవార్డులు 1967 సినిమాలతో మొదలయ్యాయి. తొలిసారి అందుకున్నది ఉత్తమ్ కుమార్, నర్గీస్. ఇప్పుడు రంగారావు గారి సినిమాలు వరసగా పెట్టుకో. ‘పాతాళ భైరవి’ 1951, ‘బంగారు పాప’, ‘మిస్సమ్మ’ 1955, ‘మాయాబజార్’ 1957, ‘నర్తనశాల’ 1963. ఇవన్నీ అయిపోయాకే ఆ అవార్డు పుట్టింది. ‘బంగారు పాప’ సంగతే తీసుకో. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి గుర్తింపు దక్కింది. ఆ సినిమాకు ప్రాణం పోసిన కోటయ్య పాత్రధారికి ఇవ్వడానికి వాళ్ల దగ్గర అవార్డే లేదు.

ఆయన 1974 జులై 18న పోయారు. అంటే ఉత్తమ నటుడి అవార్డు వచ్చాక ఆయన బతికింది ఏడేళ్లే. ఆ అవార్డు కూడా ఏడాదికొకటే, ఎక్కువగా కథానాయకుడి వైపే చూసేది. సహాయ నటుడికి జాతీయ అవార్డు ఇవ్వడం 1984 సినిమాల నుంచి మొదలైంది. అప్పటికి ఆయన పోయి పదేళ్లు. తమ్ముడూ, నాకు అసలు బాధ కలిగించేది ఇక్కడే. ఎవరో కూర్చుని జాబితాలోంచి ఆయన్ని కొట్టేశారనుకుంటే కనీసం ఆయన పేరు ఆ గదిలో వినపడిందన్నా అనుకోవచ్చు. తండ్రి, రాజు, రాక్షసుడు, మాంత్రికుడు, జమీందారు పాత్రలతో సినిమాను భుజాన మోసిన నటుడికి ఆ పట్టికలో గడే లేదు. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే కావాలి. దీన్ని వదిలేసి కనపడని కమిటీ మీద కత్తి దూశావు.

జకార్తా ప్రస్తావన బాగానే తెచ్చావు. 1964లో అక్కడ జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ‘నర్తనశాల’లో కీచకుడి పాత్రకు ఆయన ఉత్తమ నటుడయ్యారు. ఆ సినిమాకే కళాదర్శకుడు టి.వి.ఎస్.శర్మ గారికి కూడా అవార్డు వచ్చింది, ఆ పేరు నువ్వు వదిలేశావు, చేర్చు. అయితే ‘పరాయి దేశం గుర్తించింది, మన దేశం గుర్తించలేదు’ అన్న వాక్యం నిలవదు. 1964లో మన జాతీయ అవార్డుల్లో నటుడికి అవార్డే లేదని ఇప్పుడే చెప్పుకున్నాం కదా. ఆ వాక్యం వినడానికి బాగుంటుంది. అందుకే చాలామంది రాస్తుంటారు. నువ్వు రాయకు.

పద్మ పురస్కారం దగ్గర మాత్రం నీ ఫిర్యాదు గట్టిది. అవి 1954 నుంచి ఉన్నాయి. ఇరవై ఏళ్లపాటు ఏటా జనవరిలో జాబితా వచ్చింది, ఆయన పేరు ఒక్కసారీ లేదు. 1968లో ఎన్టీఆర్‌కు, ఏఎన్నార్‌కు ఒకేసారి పద్మశ్రీ వచ్చింది. అప్పటికి రంగారావు గారు సినిమాల్లోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడ నువ్వు గొంతు పెంచు, నేనూ నీతో గొంతు కలుపుతాను. కాకపోతే రెండు చోట్ల పెన్సిల్ గీత గీశాను చూడు. ‘ఎవరో పెద్దలు అడ్డుపడ్డారు’ అన్నావు. ఆధారం ఉంటే చూపించు, లేదంటే కొట్టెయ్. ఊహను నిజంలా రాస్తే, నిజంగా జరిగిన లోటును కూడా జనం నమ్మరు. రెండోది, ఆ ఇద్దరు హీరోలను దించి ఈయన్ని ఎత్తావు. అక్కర్లేదు. ఆయన పక్కన నిలబడ్డ ప్రతివాళ్లూ బాగా నటించారంటే అందులో ఆయన వాటా కూడా ఉంది.

ఇంకో సంగతి. ఒక పేజీలో ‘అవార్డు ఇవ్వకపోవడం చారిత్రక తప్పిదం’ అన్నావు. తర్వాతి పేజీలో ‘అవార్డులదేముంది, ఆయన జనం గుండెల్లో ఉన్నారు’ అన్నావు. ఏదో ఒకటి తేల్చుకో. నా మట్టుకు నాకు అవార్డు ముఖ్యమే. అది ప్రభుత్వం రాసుకునే జ్ఞాపకం. యాభై ఏళ్ల తర్వాత మన భాష తెలియనివాళ్లు మన సినిమా గురించి వెతికితే ముందు దొరికేది ఆ జాబితానే, అందులో ఆయన లేరు. భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా 2013లో తపాలా శాఖ తెచ్చిన స్టాంపుల్లో ఆయన బొమ్మ ఉందని తెలిసినప్పుడు నేను పడ్డ సంతోషం అందుకే.

సావిత్రి గారి సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. ఆవిడ గొప్ప పాత్రలు కూడా చాలావరకు 1967కు ముందువే. ఆవిడకు ఉత్తమ నటి జాతీయ అవార్డు రాలేదు. ఆవిడ పాత్ర వేసినందుకు కీర్తి సురేష్‌కు ‘మహానటి’ సినిమాతో వచ్చింది. ఇంకా చూడు: ‘నిమజ్జనం’తో శారద, ‘దాసి’తో అర్చన, ‘కర్తవ్యం’తో విజయశాంతి, ఆ తర్వాత కీర్తి సురేష్. తెలుగు సినిమాకు ఇలా నలుగురు నటీమణులకు వచ్చాకే 2023లో మొదటిసారి ఒక తెలుగు హీరోకు, ‘పుష్ప’తో అల్లు అర్జున్‌కు, ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. మన హీరో పాత్రలు ఎలా ఉంటూ వచ్చాయన్నది ఇందులోంచి తవ్వచ్చు. అది వేరే వ్యాసం. దీంట్లో ఇరికించకు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రాయని రంగారావు గారు.

ఆయన పుట్టింది 1918 జులై 3న. ‘పాతాళ భైరవి’ వచ్చేనాటికి ముప్పై రెండేళ్లు. ఆ నేపాళ మాంత్రికుడి వయసు ఎంతని ఎవరినైనా అడుగు, అరవై అంటారు. ‘మిస్సమ్మ’లో సావిత్రికి తండ్రి, జమీందారు. అప్పుడాయనకు ముప్పై ఆరు. ఆయనకన్నా అయిదేళ్లే చిన్నవాడైన ఎన్టీఆర్ ఆ సినిమాలో హీరో. పోయేనాటికి యాభై ఆరు నిండి రెండు వారాలైంది. మనం తాతగా, పెద్దదిక్కుగా గుర్తుపెట్టుకున్న మనిషి ముసలితనాన్ని చూడనే లేదు. ఆ వయసంతా ఆయన నడకలో, మెడ తిప్పడంలో, గొంతు దించడంలో కల్పించిందే. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు, ‘మహానటుడు’ అనే మాట నువ్వు రాయనక్కర్లేదు.

‘మాయాబజార్’లో ఆయన ఘటోత్కచుడు. అందులో పెళ్లి భోజనం పాట మళ్లీ చూడు, ఈసారి సౌండ్ తీసేసి చూడు. చుట్టూ వంటకాలు, ఎదురుగా మనిషి లేడు. లడ్లు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్తుంటాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయ అది. నటుడికి అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా ఆ మొహం చూడు. రాక్షసుడి ఆకలికన్నా పెళ్లింట్లో అందరికన్నా ముందు వంటింట్లో దూరిన పిల్లాడి సంబరం ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పుడు సౌండ్ పెట్టు. గొంతు మాధవపెద్ది సత్యం గారిది. ఆ నవ్వు ఇద్దరిలో ఎవరి ఛాతీలోంచి వస్తోందో నీకు తెలిస్తే నాకు చెప్పు.

తర్వాత మాయాశశిరేఖ పాట. తన పెళ్లి గురించి తనే మురిసిపోతూ సావిత్రి పాడుతుంది, కానీ ఆ ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. మధ్యలో ఉన్నట్టుండి ఘంటసాల గొంతు వస్తుంది. అప్పుడు సావిత్రి ఒంటిని గమనించు. సుకుమారం ఎగిరిపోతుంది, భుజాలు విచ్చుకుంటాయి, చూపు బరువెక్కుతుంది. ఎవరైనా వస్తున్నారనగానే మళ్లీ సిగ్గు. ఆ పాటలో రంగారావు గారు లేరు. కానీ తెర మీద ఆయన కనపడుతూనే ఉంటారు, సావిత్రి భుజాల్లో. ఇంకో మహానటి తన ఒంట్లోకి దించుకోగలిగేంత స్పష్టంగా ఆయన ఆ పాత్రను గీశారు. ‘అన్యాయం’ అన్న పదకొండు చోట్ల పది కొట్టేసి అక్కడ ఈ పాట గురించి రాయి. పదకొండోది ఉంచు, పద్మ పురస్కారం పేరా చివర. అక్కడది పని చేస్తుంది.

వ్యాసం తిరగరాసి పంపేముందు ఇంకొక పని చెయ్యి. ‘నర్తనశాల’ తీసి, కీచకుడు సైరంధ్రిని మొదటిసారి చూసే చోట ఆపి, మళ్లీ మళ్లీ చూడు. ఆ కళ్లు ఏం చేశాయో ఒక్క పేరాలో రాసి ముందు అదే నాకు పంపు. విశేషణాలు వద్దు, చూసింది చూసినట్టు రాయి. నేనూ ఆ సీన్ పెట్టుకుని, నీ కాగితం పక్కన ఉంచుకుని చూస్తాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య