ఈనిన ఆవు ఎన్ని పాలిస్తుందో ముందుగా లెక్కకట్టడం ఎలా?

ప్రశ్న: మా డెయిరీలోని ఆవుల రోజువారీ పాల లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులైంది, దాణా ఎంత, ముందురోజు పాలెన్ని అన్న వివరాలతో పాల దిగుబడిని అంచనా వేసే ఒక రిగ్రెషన్ మోడల్ (తెలిసిన అంశాల నుంచి తెలియని అంకెను లెక్కకట్టే గణిత పద్ధతి) తయారుచేశాను. పరీక్షించినప్పుడు అంచనాలు చక్కగా సరిపోయాయి. కొత్తగా ఈనిన ఆవుల విషయంలో మాత్రం చాలా తేడా వస్తోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందుగా అనుమానించవలసింది మీ పరీక్షనే. లెక్కలన్నిటినీ కలగలిపి, ఏవో కొన్ని వరుసలను పక్కకు తీసి పరీక్షిస్తే, ఒకే ఆవుకు చెందిన సోమవారం లెక్క మోడల్ నేర్చుకునే భాగంలోకీ, మంగళవారం లెక్క పరీక్షించే భాగంలోకీ చేరతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలు ఒక్కరోజులో పెద్దగా మారవు కనుక, అలాంటి పరీక్షలో ఏ మోడలైనా నెగ్గుతుంది. ఒక ఆవు లెక్కలన్నీ ఒకే వైపు ఉండేలా విడదీసి, మోడల్ ఎన్నడూ చూడని ఆవులపై మళ్ళీ పరీక్షించండి. దాంతోపాటు, నిన్న ఇచ్చినన్ని పాలే ఈరోజూ ఇస్తుందన్న మామూలు అంచనాతో కూడా పోల్చి చూడండి. దానికన్నా మెరుగు కాని మోడల్ వల్ల ప్రయోజనం లేదు.

ఇక పాడి తీరు. ఈనిన నాటి నుంచి దిగుబడి త్వరగా పెరిగి, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య గరిష్ఠానికి చేరి, ఆపైన నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. రోజుల సంఖ్యను నేరుగా రిగ్రెషన్‌కు ఇస్తే అది సరళరేఖనే గీస్తుంది కాబట్టి ఈ మలుపు దానికి దొరకదు. పాల దిగుబడి పెరిగి తగ్గే తీరుకు 1967లో వుడ్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ ఇప్పటికీ పనికొస్తుంది. దాన్ని వాడాలంటే దిగుబడికి లాగరిథమ్ తీసుకుని, రోజుల సంఖ్యనూ, ఆ సంఖ్య లాగరిథమ్‌నూ రెండు వేర్వేరు అంశాలుగా ఇస్తే చాలు. లాగరిథమ్ గుణకం 0.2, రోజుల గుణకం మైనస్ 0.004 వచ్చాయనుకుందాం. మొదటిదాన్ని రెండోదాని పరిమాణంతో భాగిస్తే 50 వస్తుంది, అంటే గరిష్ఠ దిగుబడి 50వ రోజున. ఆ రోజు 27 లీటర్లిచ్చే ఆవు 200వ రోజుకు పందొమ్మిదిన్నర లీటర్ల దగ్గరకు దిగుతుందని ఇదే లెక్క చెబుతుంది. తొలి ఈత ఆవులకు గరిష్ఠం తక్కువగా ఉన్నా తగ్గుదల నిదానంగా ఉంటుంది కనుక వాటికి గుణకాలు విడిగా కట్టాలి.

కొత్తగా ఈనిన ఆవుకు ఈ ఈతలో సొంత చరిత్ర లేదు. నాలుగు రోజుల పాలు చూసి దానికో ప్రత్యేక రేఖ గీయడం తొందరపాటు. మిశ్రమ మోడల్ అనే పద్ధతిలో, లెక్కలు కొద్దిగా ఉన్నంతకాలం అంచనా అదే ఈతలో ఉన్న మంద సగటుకు దగ్గరగా ఉండి, లెక్కలు పెరిగేకొద్దీ ఆ ఆవు సొంత స్థాయికి జరుగుతుంది. కిందటి ఈత దిగుబడి తెలిస్తే దాన్నీ చేర్చండి.

అంచనా తప్పిన రోజులను మాత్రం చెరిపేయకండి. నా దృష్టిలో మోడల్ అసలు విలువ అక్కడే ఉంది. మందంతా ఒకేసారి తగ్గితే వేడినీ, దాణా మార్పునూ చూడాలి. ఒక్క ఆవు మాత్రమే అంచనాకు బాగా తగ్గితే వెంటనే పొదుగును పరీక్షించాలి, ఎందుకంటే పొదుగువాపు పైకి కనిపించకముందే పాలు తగ్గవచ్చు.

ప్రశ్న: మేము నెలకొకసారి మాత్రమే పాలు కొలుస్తాం. పాడికాలం మొత్తం దిగుబడిని దీనితో లెక్కకట్టవచ్చా?

జవాబు: కట్టవచ్చు. వరుసగా వచ్చే రెండు కొలతల సగటును వాటి మధ్య రోజులతో గుణించి, అన్నిటినీ కూడుతూ పోవడం ప్రామాణికమైన పద్ధతే. మొత్తాన్ని సాధారణంగా 305 రోజులకు చెబుతారు. కొలిచే రోజున రెండు పూటల పాలూ తప్పక కొలవండి, పితుకుల మధ్య వ్యవధి సమానం కానప్పుడు ఒక పూటను రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. తొలి కొలత ఆలస్యమైతే గరిష్ఠ దశ జారిపోయి మొత్తం లెక్కే దెబ్బతింటుంది కాబట్టి, జున్నుపాల రోజులు దాటగానే ఒకసారి, మొదటి రెండు నెలల్లో వీలైతే పక్షానికొకసారి కొలిచి, ఆపైన నెలవారీ పద్ధతికి మారండి.