చెరువు గట్టు దాకా సిగ్నల్

ప్రశ్న: కొత్తపట్నం వైపు మా ఇంటికీ రొయ్యల చెరువుకీ 3 కిలోమీటర్ల దూరం. షెడ్డులో కెమెరాల కోసం 5.8 గిగాహెర్ట్జ్ రేడియో లింకు పెట్టించాను. రెండేళ్లు బాగా నడిచింది, ఇప్పుడు మాటిమాటికీ తెగిపోతోంది, ఒకటే టెన్షన్. పెద్ద డిష్ కొనమంటారా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: అప్పుడే కొనకండి. ముందు మిద్దె ఎక్కి మధ్యలో ఏముందో చూడండి. మీ వైపు సరుగుడు తోటలు ఎక్కువ కదా, అప్పుడు అడ్డం లేని చెట్లు ఈ రెండేళ్లలో ఎంత ఎదిగి ఉంటాయో మీకే తెలుసు. అవతలి డిష్ కంటికి కనిపిస్తే చాలదండీ, ఇంత దూరానికి సరిగ్గా నడుమ ఆ చూపు గీత చుట్టూ దాదాపు 6 మీటర్ల మేర తరంగం పరుచుకుంటుంది, అందులో 60 శాతమన్నా, అంటే 4 మీటర్లకు కాస్త తక్కువ, ఖాళీగా ఉండాలి. అందుకే ఆ డబ్బు డిష్ బిగించిన పైపు ఎత్తు పెంచడానికి పెట్టండి, అది ఊగకుండా మూడు వైపులా స్టే వైర్లు (లాగి కట్టే తీగలు) బిగించండి. గాలికి డిష్ కొద్ది డిగ్రీలు తిరిగినా సిగ్నల్ సగానికి పడిపోవచ్చు.

తర్వాత ఉప్పుగాలి. కనెక్టరు విప్పండి, లోపల పచ్చగా చిలుము కనిపిస్తే మార్చాల్సిందే. కొత్తదానికి రబ్బరు టేపు సాగదీసి చుట్టి, కేబుల్‌ని కిందికి ఒక వంపు వదలండి, వాన నీళ్లు లోపలికి పోకుండా అక్కడే కారిపోతాయి. క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. పైపుకు ఎర్త్ లేకపోతే ఈ వారంలోనే చేయించండి.