ఆదివారం మంచు, శుక్రవారం ప్రయాణం

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. ఇందాక ఫోన్లో నేను చెప్పింది సగం నీకు వినపడలేదు. ఒక పక్క పిల్లాడి ఏడుపు, ఇంకో పక్క మీ నాన్న "ఆకాశం ఇంత తేటగా ఉంటే తుఫాను ఏంటే" అనడం. అందుకే రాస్తున్నాను. చదివి, రేపు చూద్దాంలే అని పక్కన పెట్టకు. అక్కా బావల, అంటే మీ అమ్మానాన్నల, ఇండియా తిరుగు టికెట్లు ఆదివారం నుంచి శుక్రవారానికి ఈ రాత్రికే మార్చెయ్యి.

"ఆదివారం నిజంగా మంచు పడుతుందంటావా మామయ్యా" అని అడిగావు. న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్డు మీద ఇరవై రెండేళ్లు విమానం టికెట్లు అమ్మినవాణ్ణి, మబ్బుల సంగతి నాకేం తెలుస్తుంది? కానీ విమానాల సంగతి తెలుసు. విమానం ఆగిపోవడానికి మంచు పడక్కర్లేదు. పడుతుందని విమాన కంపెనీ నమ్మితే చాలు.

ఇది నేను తేలిగ్గా నేర్చుకోలేదు. 2015 జనవరి చివర్లో న్యూయార్క్‌కి రెండు మూడు అడుగుల మంచు అన్నారు. సబ్‌వే కూడా ఆపేశారు. తీరా చూస్తే సెంట్రల్ పార్కులో పది అంగుళాలు కూడా పడలేదు. తుఫాను దారి కొంచెం తూర్పుకి జరిగింది, అంతే. ఆ వారం నేను హడావిడిగా తేదీలు మార్పించిన కస్టమర్లంతా షాపుకి వచ్చి నన్ను ఆటపట్టించారు. ఆ సిగ్గు మనసులో ఉండిపోయింది. మరుసటి ఏడు జనవరిలోనే మీ అమ్మమ్మ ప్రయాణం పడింది. శనివారం రాత్రి ఇక్కడి న్యూఆర్క్ ఎయిర్‌పోర్టు నుంచి విమానం. రెండు మూడు రోజుల ముందే కంపెనీ వాళ్లు ఉచితంగా తేదీ మార్చుకోవచ్చని చెప్పారు. నేనే "పోయినేడు ఇలాగే భయపెట్టారు, చూద్దాం" అన్నాను. ఆ శనివారం సెంట్రల్ పార్కులో 27 అంగుళాలు పడింది, న్యూఆర్క్‌లోనూ రెండడుగులు దాటింది. దేశం మొత్తమ్మీద పదివేల పైచిలుకు విమానాలు రద్దయ్యాయి. అమ్మకి మళ్లీ సీటు దొరికింది గురువారానికి. బీపీ మాత్రలు లెక్క ప్రకారం కొని పెట్టుకుంది కదా, సోమవారానికే అయిపోయాయి. మోకాలి లోతు మంచులో ఫార్మసీకి నడిచి వెళ్లి బతిమాలాను. టికెట్లు అమ్మేవాడి ఇంట్లో జరిగిన భాగోతం ఇది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసిన విషయం: మంచు తప్పిపోయిన 2015లో కూడా విమానాలు వేలల్లో రద్దయ్యాయి. నా కస్టమర్లు నన్ను ఆటపట్టించారే గానీ, పాత తేదీకే ఉండి ఉంటే వాళ్లూ ఎగిరేవాళ్లు కాదు. కంపెనీలు ఒక రోజు ముందే, ఎండ కాస్తుండగానే రద్దు చేసేస్తాయి. విమానాలూ సిబ్బందీ మంచులో చిక్కుకుంటే మళ్లీ సర్వీసులు మొదలుపెట్టడం కష్టమని. పైగా ప్రయాణికుల్ని ఎక్కించుకుని రన్‌వే దగ్గర దేశీయ విమానాన్ని మూడు గంటలకి మించి, అంతర్జాతీయ విమానాన్ని నాలుగు గంటలకి మించి ఆపితే భారీ జరిమానాలు ఉన్నాయి. అందుకే సందేహం ఉంటే రద్దే చేస్తారు. మీ నాన్నకి ఆకాశం చూపించకు. కంపెనీ యాప్‌లో వచ్చిన నోటీసు చూపించు.

ఆ నోటీసునే వేవర్ అంటారు. ఫలానా ఊళ్ల నుంచి ఫలానా తేదీల్లో ప్రయాణం ఉన్నవాళ్లు, ఫలానా తేదీ లోపల మార్చుకుంటే ఛార్జీ ఉండదు అని అందులో ఉంటుంది. ఒక్కొక్క మాటా చదువు. మామూలుగా అదే క్లాసు, అవే ఊళ్లు, వాళ్లిచ్చిన గడువులోపు ప్రయాణం అయితేనే ఫేర్ డిఫరెన్స్, అంటే పాత కొత్త టికెట్ల ధరల తేడా, కూడా పోతుంది. గడువు దాటిన తేదీ ఎంచుకుంటే ఆ రోజు రేటు ప్రకారం తేడా కట్టాల్సి వస్తుంది. చాలామంది "ఛార్జీ లేదు" అన్నదొక్కటే చదివి ఇక్కడే దెబ్బతింటారు. నీ నోటీసులో న్యూఆర్క్ ఉందన్నావు, ఆదివారం ఉందన్నావు. చాలు. ఇక నీకు అనుమతి కొరత లేదు, సీట్ల కొరతే. శుక్రవారం విమానంలో మిగిలిన నాలుగు సీట్ల కోసం ఆదివారం విమానంలోని వాళ్లంతా ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉంటారు. శుక్రవారం పూర్తిగా నిండిపోయి ఉంటే శనివారం పొద్దున అడుగు. అదీ లేదంటే చికాగో నుంచి ఢిల్లీ వెళ్లేది ఇస్తారేమో అడుగు. కొలంబస్ నుంచి చికాగోకి కారులో ఆరు గంటలు, అల్లుడు దింపి రాగలడు. ఊరు మార్చడం వేవర్‌లో లేకపోయినా అడిగితే పోయేదేం లేదు.

ముందుకే జరుపు, వెనక్కి జరపకు. మంగళవారానికి తోసేస్తే సరిపోతుందిగా అని నీకు అనిపిస్తుంది. సరిపోదు. తుఫాను పోయిన మర్నాడు ఆకాశం అద్దంలా ఉంటుంది, విమానాలు మాత్రం ఉండవు. 2022 క్రిస్మస్‌కి మంచు తగ్గిన తర్వాత కూడా ఒక పెద్ద కంపెనీ రోజుల తరబడి రద్దులు చేస్తూనే ఉంది, మొత్తం 16 వేలు దాటాయి. విమానం ఒక ఊళ్లో, పైలట్లు ఇంకో ఊళ్లో. అసలు న్యూఆర్క్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానం ఎక్కడి నుంచి వస్తుందనుకున్నావు? ఢిల్లీ నుంచి వచ్చినదే తిరిగి వెళ్తుంది. అక్కడ బయల్దేరలేదంటే ఇక్కడ నువ్వు ఎంత ముందు చెకిన్ చేసినా లాభం లేదు. కాబట్టి శుక్రవారానికి మార్చాక కూడా, అటు నుంచి ఆ విమానం బయల్దేరిందో లేదో ట్రాకింగ్ సైట్లో చూసుకో. కంపెనీ చెప్పే ముందే నీకు తెలిసిపోతుంది.

ఇంకో కారణం నువ్వు ఫోన్లో చివర్న నసిగావు: వాళ్ల ఐ-94, అదే ఇక్కడ దిగినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు, తుఫాను తర్వాత వచ్చే గురువారంతో అయిపోతుందని. పాస్‌పోర్టులో పదేళ్ల వీసా ఉందిగా అనుకోకు. వీసా లోపలికి రావడానికి, ఐ-94 ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పడానికి. ఆ తేదీ ఒక్క రోజు దాటినా ఆ వీసానే చెల్లకుండా పోయే చిక్కు ఉంది. తుఫాను లాంటి కారణాలకి మినహాయింపు అడగొచ్చు గానీ, అది కాగితాలు పట్టుకుని సంజాయిషీ చెప్పుకునే పని. ఆరు నెలల గడువులో చివరి వారానికి రిటర్న్ టికెట్ పెట్టొద్దని నీకు జూలైలోనే చెప్పాను. సరే, ఇప్పుడు అనడం ఎందుకు.

రెండు వేర్వేరు టికెట్లు కొన్నావు, కొలంబస్ నుంచి న్యూఆర్క్ ఒకటి, అక్కణ్ణుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్ ఒకటి. ఎనభై డాలర్లు మిగిలాయి. కానీ మొదటిది రద్దయితే రెండోవాళ్ల లెక్కలో మీవాళ్లు రాని ప్రయాణికులు, వాళ్ల బాధ్యత ఏమీ ఉండదు. అందుకని ముందు పెద్ద టికెట్ మార్చు, సీట్లు కరువైనది అదే. అది చేతికొచ్చాక చిన్నది గురువారం మధ్యాహ్నానికి మార్చు. గురువారం రాత్రి వాళ్లు మా ఇంట్లో పడుకుంటారు. ఎడిసన్ నుంచి ఎయిర్‌పోర్టుకి అరగంట.

పెద్ద టికెట్ ఏజెంట్ సైట్లో కొన్నావు కాబట్టి కంపెనీవాళ్లు "మీ ఏజెంట్‌ని అడగండి" అనొచ్చు. అయినా ముందు కంపెనీకే చెయ్యి, వేవర్ ఉన్న రోజుల్లో చాలాసార్లు వాళ్లే చేసిపెడతారు. ఇక్కడి నంబర్లో గంటన్నర పాట వినిపిస్తుంటే ఇండియా నంబర్‌కి చెయ్యి. నీకు రాత్రి పది అంటే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, అప్పుడే షిఫ్టు మొదలై ఉంటుంది. అల్లుణ్ణి అదే సమయంలో యాప్‌లో చాట్ చెయ్యమను. ఎవరికి ముందు దొరికితే వాళ్లు మాట్లాడండి, కానీ ఇద్దరూ ఒకేసారి మార్చకండి. అలా చేసి నాలుగు బుకింగులు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. కావలసిన ఫ్లైట్ నంబర్ ముందే చూసి పెట్టుకుని "దీంట్లో ఇద్దరికీ ఇవ్వండి" అను. "ఏముందో చూడండి" అన్నావంటే ఎటో తిప్పి పంపుతారు.

ఒకరికి శుక్రవారం, ఇంకొకరికి శనివారం ఇస్తామంటే ఒప్పుకోకు. మీ అమ్మకి ఇంగ్లీషు రాదు, మీ నాన్నకి వినపడదు. ఇద్దరూ కలిస్తేనే ఒక ప్రయాణికుడు.

యూరప్ మీదుగా ఇస్తామంటే ఒక్క క్షణం ఆగు. అక్కడ దిగి ఎక్కడానికి మన పాస్‌పోర్టుకి ఏ రూలు ఉందో ఆ రోజుకి చూసుకోవాలి. అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లని దారిలో ఆపేసిన సంగతులు నా షాపులో ఎన్ని చూశానో. మీవాళ్లకి స్టాంపు ఉంది కాబట్టి భయం తక్కువే, అయినా కొత్త దారి వద్దు. ఢిల్లీయే మేలు. అక్కడ మరో చిక్కు పొగమంచు. జనవరిలో తెల్లవారుజామున అక్కడ పక్కనున్న మనిషి కూడా కనపడడు. పొద్దున ఆరింటి హైదరాబాద్ విమానం ఇస్తే, మధ్యాహ్నందానికి మార్చమను. ఎలాగూ ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఢిల్లీలోనే, సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకి ఆ టైము కావాలి.

మార్చడం అయ్యాక "కన్ఫర్మ్డ్" అని చూసి సంతోషపడిపోకు. పీఎన్ఆర్‌లో కొత్త తేదీ కనిపిస్తుంది, టికెట్ మాత్రం మళ్లీ ఇష్యూ అయి ఉండదు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక "మీకు టికెట్ లేదు" అంటారు. నా సర్వీసులో ఎక్కువ కన్నీళ్లు చూసింది ఇక్కడే. 13 అంకెల కొత్త టికెట్ నంబర్ ఇద్దరికీ ఈమెయిల్లో వచ్చేదాకా ఫోన్ పెట్టకు. వీల్‌చైర్, శాకాహార భోజనం, పక్కపక్క సీట్లు, ఇవి కొత్త విమానానికి వాటంతట అవి వెళ్లవు. మూడూ మళ్లీ చెప్పి చేయించుకో.

"అసలు క్యాన్సిల్ చేసి డబ్బు తీసుకుని కొత్తవి కొంటే" అన్నాడట అల్లుడు. నువ్వు క్యాన్సిల్ నొక్కితే అది నీ ఇష్టంతో మానుకున్నట్టు, పూర్తి డబ్బు రాదు. వాళ్లు రద్దు చేసి, వాళ్లిచ్చే వేరే విమానం నువ్వు వద్దంటేనే పూర్తి డబ్బు. 2024లో వచ్చిన రూలు ప్రకారం క్రెడిట్ కార్డుకైతే ఏడు పనిదినాల్లో వెయ్యాలి. అంతర్జాతీయ విమానం ఆరు గంటలు, దేశీయం మూడు గంటలు ఆలస్యమైనా ఇదే హక్కు. ఏ విందుకో వెళ్తున్న కుర్రాడైతే రద్దయ్యేదాకా కూర్చుని డబ్బు తీసుకోమంటాను. ఇక్కడ మనకి కావలసింది డబ్బు కాదు, రెండు సీట్లు. మంచు వల్ల ఆగితే ఈ దేశంలో హోటల్, భోజనం ఇవ్వాలన్న చట్టం కూడా లేదు.

ఇక బావ సంగతి. శుక్రవారం అష్టమి, ఇల్లు కదలను అంటున్నాడట. ఆయనతో వాదించకు, ముప్పై ఏళ్లుగా నేనే గెలవలేదు. గురువారం సప్తమి ఉండగానే మీ గడప దాటి మా ఇంటికొస్తున్నారని చెప్పు. బయల్దేరడం సప్తమిలోనే అయిపోయింది, మా ఇల్లు ప్రస్థానం. మా తాతయ్య మంచి గడియలో సంచీ పక్కింటి అరుగు మీద పెట్టి మూడు రోజుల తర్వాత బండెక్కేవాడు. కానీ గురువారం మధ్యాహ్నమే దాటించు. హైదరాబాద్ పంచాంగంలో శుక్రవారం పొద్దున వచ్చే అష్టమి ఒహాయో గడియారంలో గురువారం రాత్రికే వచ్చేస్తుంది. ఆ లెక్క ప్రకారం విమానం లేచేసరికి ఏ తిథి ఉంటుందో ఆయనకి చెప్పకు.

మందులు పది రోజులకి ఎక్కువ పెట్టు, చేతి సంచీలోనే. విజిటర్స్ ఇన్సూరెన్స్ ఏ తేదీకి ఆగుతుందో చూసి, ఒకవేళ జరిగితే పొడిగించడానికి ఆ లింకు తీసి ఉంచుకో.

పదకొండింటి దాకా మేలుకునే ఉంటాను. 13 అంకెల నంబర్లు రాగానే వాట్సాప్‌లో పెట్టు, నేనూ ఒకసారి సరిచూస్తాను. మీ అత్తయ్య గురువారం రాత్రికి పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేస్తానంది. ఎయిర్‌పోర్టులో ఏమీ తినొద్దని అక్కకి చెప్పు.

మీ మామయ్య