హిగ్గిన్‌బాథమ్ ఇంటిపేరు వెంట పడిన మేనకోడలికి

బుజ్జీకి, మామయ్య ఆశీస్సులు.

మీ అత్తింటివాళ్ల ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చిందో తేల్చి క్రిస్మస్‌కి మీ మామగారి చేతిలో పెడతానన్నావు. పెట్టు. హిగ్గిన్‌బాథమ్ అనగానే మనవాళ్లకి మద్రాసు మౌంట్ రోడ్డులోని పుస్తకాల షాపే గుర్తొస్తుంది. దాన్ని 1844లో పెట్టిన ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ మీవాళ్ల వంశమేనని అప్పుడే ఇంట్లో చాటింపు వేయకు. ఆ పేరున్న కుటుంబాలు ఇంగ్లండులో లాంకషైర్, చెషైర్ జిల్లాల వైపు బోలెడున్నాయి.

పేరుకి అర్థం కనుక్కోవడం ఒక పూట పని. లాంకషైర్ వైపు బోల్టన్ ఊరి దగ్గర ఓకెన్‌బాటమ్ అని ఒక చోటుంది. బాటమ్ అంటే ఇక్కడ లోయ, ఓక్ చెట్లున్న లోయ అని. ఈ పేరు అక్కడినుంచే వచ్చిందని నిఘంటువులు అంటాయి. హిగ్గిన్ అన్నది రిచర్డ్‌కి ముద్దుపేరు. నోట్లో నలిగి నలిగి, తెలియని ఓకెన్ కాస్తా తెలిసిన హిగ్గిన్ అయిపోయింది. రామ్స్‌బాటమ్, షఫిల్‌బాటమ్ కూడా ఆ చుట్టుపక్కల లోయల పేర్లే. బాటమ్ అంటే పిర్ర అని స్కూల్లో పిల్లలు ఏడిపిస్తే మీ అబ్బాయికి ఈ ముక్క చెప్పు.

అయితే ఇదంతా పేరు చరిత్ర. మీవాళ్ల చరిత్ర కావాలంటే ఇవాళ బతికున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి. పైనుంచి కిందికి దిగితే నైట్ బిరుదున్న ఎవరో ఒక దొర దగ్గర తేలతావు, ఆయన మీవాళ్లకి ఏమీ కాడు. ఇంగ్లండులో 1837 జులై 1 నుంచి పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాయి. అందరూ బర్త్ సర్టిఫికెట్ మీద పడతారు కానీ, నువ్వు ముందు పెళ్లిది తెప్పించు. అందులో పెళ్లికొడుకు తండ్రి పేరు, పెళ్లికూతురు తండ్రి పేరు, వాళ్లు చేసే పని కూడా ఉంటాయి. ఒక్క కాగితంతో రెండు తరాలు.

తర్వాత జనాభా లెక్కలు. 1841 నుంచి 1921 వరకు పదేళ్లకోసారివి చూడొచ్చు. 1931వి 1942లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల తీయనే లేదు. 1841లో పదిహేను దాటినవాళ్ల వయసుని కిందికి దించి ఐదుల్లో రాయమన్నారు కాబట్టి, ముప్ఫై అని ఉంటే ముప్ఫై నాలుగైనా కావచ్చు. నీకు అసలు పనికొచ్చేది 1851ది. పుట్టిన పారిష్ పేరు, అంటే ఏ చర్చి కిందికి వచ్చే ప్రాంతమో ఆ పేరు, అందులో ఉంటుంది. మీ పెద్దమనిషి అందులో దొరికాడా, ఏ చర్చి పుస్తకం తెరవాలో తెలిసిపోయినట్టే.

ఇక స్పెల్లింగు. మీ అత్తగారు "మాది టీ హెచ్‌తో, రెండు టీలతో కాదు" అని పట్టుబడతారేమో, వినయంగా విని పక్కన పెట్టు. పాత రిజిస్టరులో పెళ్లికొడుకు సంతకం ఉండాల్సిన చోట చాలాసార్లు ఒక వంకర ఇంటూ గుర్తు, దానికి అటూ ఇటూ గుమస్తా చేతిరాతతో "ఫలానావాడి గుర్తు" అని ఉంటుంది. చదువురాని మనిషి తన యాసలో పేరు చెప్పాడు, గుమస్తా చెవికి తోచింది రాశాడు. ఒకే మనిషి పెళ్లిలో హిగ్గిన్‌బాటమ్, కొడుకు బాప్టిజంలో హెగిన్‌బాథమ్, సమాధి దగ్గర హికిన్‌బాటమ్ కావచ్చు. లాంకషైర్ జనం హెచ్ మింగేస్తారు కాబట్టి ఐ అక్షరం కింద కూడా వెతుకు. ఈ రికార్డులు వెతికే వెబ్‌సైట్లో అచ్చుల చోట నక్షత్రం గుర్తు పెడితే చాలావరకు ఒక్క దెబ్బకి బయటపడతాయి.

చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి, అన్ని చోట్లా అంత పాతవి మిగల్లేదు. ఒక టెన్షన్ మాత్రం నీకు తప్పదు. 1752కి ముందు అక్కడ, మన ఉగాదిలా, కొత్త సంవత్సరం మార్చిలో వచ్చేది, 25న. అంటే 1720 ఫిబ్రవరి 1720 డిసెంబరు తర్వాత వస్తుంది. తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టాడని కంగారుపడకు, ముందు ఈ లెక్క సరిచూసుకో. ఒకే పారిష్‌లో ఒకే ఏడు ఇద్దరు జాన్‌లు పుడితే సమాధుల పుస్తకం తిరగేయి. ఒకడు పసితనంలోనే పోయి ఉండొచ్చు. ఆ సంగతి చూడకుండా పోయినవాడికి మనవల్ని అంటగట్టిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిని కాపీ కొట్టకు.

"మీ ఇంటిపేరు వారి రాజముద్ర" అని కోట్ ఆఫ్ ఆర్మ్స్ బొమ్మకి ఫ్రేము కట్టి అమ్మేవాళ్లకి పైసా ఇవ్వకు. అక్కడ ముద్ర ఇచ్చేది ఒక మనిషికి, ఆయన వారసులకి. ఇంటిపేరు మొత్తానికి కాదు. ఆ ముద్రల వ్యవహారం చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ 1484 నుంచీ ఉంది.

మద్రాసు సంగతి తేల్చుకోవాలనే ఉంటే, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్ బై 2 వరస చూడు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజాలు, పెళ్లిళ్లు, సమాధులు అందులో ఉన్నాయి. కానీ అది ఆఖర్న. ముందు మీ మామగారి తాతగారి పెళ్లి సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యి. వచ్చాక ఫొటో తీసి పంపు, చేతిరాత అర్థం కాకపోతే నేను చదివి పెడతాను. అల్లుడిని అడిగానని చెప్పు.

మామయ్య