చెత్త వీడియోలు, ఆగిపోయిన పాటల ఛానళ్లు: ఈ నెల మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఒక చిన్న ముక్క రాశా, 2025 డిసెంబర్ 31తో బ్రిటన్‌లో ఎంటీవీ వాళ్ల పాటల ఛానళ్లు ఆగిపోయాయని. దాని మీద ఇన్ని మెయిళ్లు వస్తాయని అస్సలు అనుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నా.

ప్రశ్న: మా ఆఫీసులో లంచ్ టైమ్‌లో రోజూ ఇదే గొడవండి, ప్రపంచంలో అన్నిటికన్నా చెత్త మ్యూజిక్ వీడియో ఏది అని. తలా ఒకటి చెప్తారు. మీరే తేల్చేయండి.
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: అమెరికాలో ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది నోట వచ్చే పేరు ఒకటుందండి, బిల్లీ స్క్వయర్ పాడిన 'రాక్ మీ టునైట్', 1984. ఈయన ఊరూపేరూ లేని మనిషేం కాదు, అప్పటికే పెద్ద పెద్ద హాళ్లు నింపే రాక్ సింగర్, గిటార్ తగిలించుకుని స్టేజి ఎక్కితే కుర్రాళ్లు ఊగిపోయేవాళ్లు. ఆ వీడియోలో ఏముంటుందంటే ఒక బెడ్‌రూమ్, శాటిన్ దుప్పట్లు, లేత రంగు లైట్లు, ఆయన మంచం మీంచి లేచి ఒక్కడే గంతులేస్తూ తిరుగుతాడు, నేల మీద పాకుతాడు, చొక్కా చింపుకుంటాడు, గులాబీ రంగు బనియన్‌తో కనిపిస్తాడు, గిటార్ చేతికొచ్చేసరికి పాట దాదాపు అయిపోతుంది. పాట మాత్రం బాగానే ఆడింది, అమెరికా టాప్ 100 లిస్టులో 15వ స్థానం దాకా వెళ్లింది, ఆయన పాటల్లో అంత పైకి వెళ్లింది అదే. కానీ వీడియో వచ్చాక టికెట్లు అమ్ముడుపోవడం పడిపోయిందని, తన కెరీర్‌ని అదే దెబ్బతీసిందని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆ వీడియో తీసింది కెన్నీ ఒర్టేగా, 2006లో 'హైస్కూల్ మ్యూజికల్' సినిమా తీసిన ఆయనే. తప్పు డైరెక్టర్‌ది అని సింగర్ అంటాడు, అలా డాన్స్ చేస్తానని పట్టుబట్టింది సింగరే అని డైరెక్టర్ అంటాడు, ఇన్నేళ్లయినా అది తేలలేదు.

నన్నడిగితే అది చెత్త వీడియోనే కానీ దానికి పడిన శిక్ష చాలా ఎక్కువ. ఒక మగాడు కాస్త మెత్తగా ఒళ్లు కదిపితే చూసేవాళ్లకి అంత కోపం రావడం ఏంటసలు? ఆ సిగ్గు చూసినవాళ్లది, చేసినవాడిది కాదు. ఇంకో సంగతి, ఆయన 1980లో చేసిన 'ద బిగ్ బీట్' డ్రమ్స్‌నే తర్వాత ర్యాపర్ జే జీ తన '99 ప్రాబ్లమ్స్' పాటలో వాడుకున్నారు, అంటే ఆయన పేరు కూడా తెలియని కోట్లమంది ఆయన డ్రమ్స్ విన్నారు. మీ ఆఫీసులో ఇది కూడా చెప్పండి.

చెత్త వీడియోల లిస్టుల్లో ఎప్పుడూ ఉండే ఇంకోటి జర్నీ బ్యాండ్ వాళ్ల 'సెపరేట్ వేస్', 1983. న్యూ ఆర్లియన్స్ రేవులో తీశారు, వాయిద్యాలు లేకుండా ఉత్తి గాల్లో గిటార్ వాయిస్తుంటారు, ఒకాయన గోడకి తగిలించిన కీబోర్డు వాయిస్తాడు. దాన్ని చెత్త అనడానికి నాకు మాత్రం మనసొప్పదు, ఎందుకంటే ఆ అయిదుగురి మొహాల్లో ఒక్క సెకను కూడా బద్ధకం కనపడదు, ప్రాణం పెట్టి చేశారు.

మరి నా లెక్కలో చెత్త ఏది అంటే, 2002లో 'కాంటా లగా' రీమిక్స్ హిట్టయ్యాక దాన్ని చూసి వరసపెట్టి వచ్చాయి చూడండి, అవి. పాత పాట ఒకటి తీస్కోవడం, కింద ఒక బీట్ పెట్టడం, ఒక అమ్మాయిని పెట్టి కెమెరా ఎక్కడెక్కడో తిప్పడం, అసలు ట్యూన్ కట్టినాయన పేరు ఎక్కడో కనపడీ కనపడకుండా వేయడం. వాటిలో కష్టపడిన ఆనవాలు ఉండదు, పాట మీద ప్రేమా ఉండదు. గాల్లో గిటార్ వాయించిన వాళ్లు వీళ్లకన్నా వందరెట్లు నయం.

ప్రశ్న: అక్కా, మా పాపకి 13 ఏళ్లు, బాగా పాడుతుంది. ఎవరో ఫీజు కడితే పాట, వీడియో మొత్తం వాళ్లే చేసి యూట్యూబ్‌లో పెడతామంటున్నారు. పాపకి చాలా ఆశగా ఉంది, నాకేమో భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ భయం ఊరికే వచ్చింది కాదు. అచ్చం ఇలాగే ఒకసారి జరిగింది కాబట్టి అదే చెప్తా వినండి. 2011లో కాలిఫోర్నియాలో రెబెకా బ్లాక్ అని ఒక పాప, సరిగ్గా 13 ఏళ్లు, వాళ్లమ్మ ఆర్క్ మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే చిన్న సంస్థకి 4,000 డాలర్లు కట్టిందని అప్పట్లో పేపర్లు రాశాయి. పాట రాసింది వాళ్లే, వీడియో తీసింది వాళ్లే, పాప గొంతుని కంప్యూటర్‌లో పెట్టి రేకుడబ్బా చప్పుడులా చేసింది కూడా వాళ్లే. 'ఫ్రైడే' అని పాట, నిన్న గురువారం, ఇవాళ శుక్రవారం అంటూ సాగుతుంది. ఫిబ్రవరిలో పెట్టారు, నెల రోజులు ఎవరూ చూడలేదు, మార్చిలో ఎవరో ఎగతాళిగా షేర్ చేశారు, అంతే, కొన్ని రోజుల్లో కోట్లమంది చూశారు, యూట్యూబ్‌లో అప్పటికి ఎక్కువ డిస్‌లైకులు వచ్చిన వీడియో అదే అయింది. రాసినవాళ్లని అన్నది తక్కువ. తిట్లు ఎక్కువగా పడింది స్క్రీన్ మీద కనిపించిన పిల్లకే. చంపేస్తామని బెదిరింపులు కూడా వచ్చాయి, స్కూల్లో ఏడిపించడం తట్టుకోలేక కొన్నాళ్లు ఇంట్లోనే చదువుకోవాల్సి వచ్చింది. పదమూడేళ్ల పిల్లండి!

ఆ అమ్మాయి మాత్రం పాట వదల్లేదు. 2021లో, సరిగ్గా పదేళ్లకి, అదే పాటని కొత్తగా రీమిక్స్ చేసి తనే బయటపెట్టింది, 2023లో మొదటి ఫుల్ ఆల్బమ్ తెచ్చుకుంది, ఇప్పుడు ఆమెకంటూ వినేవాళ్లున్నారు. అది ఆమె గట్టితనం, ప్రతి పిల్లా అంత తట్టుకోవాలని మనం అనుకోకూడదు.

అందుకని నా మాట ఇది. ఫీజు కట్టొద్దు. పాపని మంచి గురువు దగ్గర పెట్టండి, ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసి చుట్టాలకి, ఫ్రెండ్స్‌కి పంపండి, గొంతు గొంతులాగే ఉండనివ్వండి. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే 'అన్‌లిస్టెడ్' అని ఒక ఆప్షన్ ఉంటుంది, లింక్ ఉన్నవాళ్లకే తెరుచుకుంటుంది, అది పెట్టుకోండి, కామెంట్లు ఆపేయండి. పాట ఎవరు రాస్తున్నారు, వీడియో హక్కులు ఎవరివి, తీసేయమంటే తీసేస్తారా, ఈ మూడూ కాగితం మీద లేకుండా ఎవరికీ సంతకం పెట్టొద్దమ్మా. పాపకి కూడా ఈ కథ దాచకుండా చెప్పండి, తనకి అర్థమయ్యే వయసే.

ప్రశ్న: పాటల ఛానళ్లని చంపేసింది యూట్యూబే కదా, ఇందులో ఇంత బాధపడాల్సింది ఏముంది?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అందరూ ఇదే అంటారండి, కానీ తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. యూట్యూబ్ వచ్చింది 2005లో. ఎంటీవీ అమెరికాలో 'ద రియల్ వరల్డ్' అని ఒక ఇంట్లో కొంతమంది కుర్రాళ్లని పెట్టి కెమెరాలు తిప్పే షో మొదలుపెట్టింది 1992లో. మన దగ్గర ఎంటీవీ 'రోడీస్' అనే రియాలిటీ షో మొదలైంది 2003లో. అంటే పాటని బయటికి పంపే పని యూట్యూబ్ పుట్టకముందే మొదలైపోయింది.

ఎందుకు పంపారంటే అంతా నిమిషాల లెక్క. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైనప్పుడు పాటల కంపెనీలు వీడియోలు ఫ్రీగా ఇచ్చేవి, అది వాళ్లకి పబ్లిసిటీ, ఛానల్‌కి ఖర్చులేని సరుకు. మొదట్లో వీడియోలు ఎంత తక్కువంటే ఉన్నవే తిప్పి తిప్పి వేసేవాళ్లు, అప్పటికే వీడియోలు తీసే అలవాటున్న ఇంగ్లండ్ బ్యాండ్లు డురాన్ డురాన్ లాంటివాళ్లు దానివల్లే అమెరికాలో పెద్దవాళ్లయ్యారు. కానీ పాటల ఛానల్‌కి పుట్టుకతోనే ఒక జబ్బుంది, నాలుగు నిమిషాల పాట నచ్చకపోతే చూసేవాడు వెంటనే రిమోట్ నొక్కుతాడు. అదే అరగంట గొడవల షో అయితే తర్వాత ఏమవుతుందో అని కూర్చుంటాడు. యాడ్ ఇచ్చేవాడికి కావాల్సింది ఆ కూర్చునే మనిషే. అలా మెల్లగా పాటలు అర్ధరాత్రికి, తెల్లవారుజాముకి జరిగిపోయాయి, 2010లో లోగో కింద ఉండే 'మ్యూజిక్ టెలివిజన్' అన్న మాట కూడా తీసేశారు.

మన దేశంలో ఇంకొంచెం వేరే కథ. ఎంటీవీ 1991లో స్టార్ డిష్‌తో వచ్చింది, 1994లో విడిపోయింది, ఆ ఖాళీలో స్టార్ వాళ్లు ఛానల్ వీ పెట్టారు, 1996లో ఎంటీవీ మళ్లీ తిరిగొచ్చింది. ఆ నాలుగైదేళ్లు మాత్రం నిజంగా పండగ. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', అదే ఏడాది దలేర్ మెహందీ, సినిమాతో సంబంధం లేకుండా ఒక పాట దేశమంతా మోగడం అప్పుడు చూశాం. తర్వాత రెండు ఛానళ్లూ సినిమా పాటల వైపు తిరిగాయి, యాడ్లు అక్కడున్నాయి కాబట్టి. 2018లో ఛానల్ వీ ఇండియా మూసేశారు.

బాధ ఎందుకంటే, యూట్యూబ్ మనకి నచ్చిందే మళ్లీ మళ్లీ ఇస్తుంది. ఛానల్‌లో ఎవరో ఒక మనిషి కూర్చుని ఈ పాట తర్వాత ఈ పాట అని పేర్చేవాడు, నాకిష్టమైన పాట కోసం ఎదురుచూస్తూ నాకు తెలియని పది పాటలు వినేదాన్ని, మా వీధిలో అందరం అదే సాయంత్రం అదే చూసేవాళ్లం కాబట్టి మర్నాడు బస్సులో దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. తెలుగు పాటల ఛానళ్లలో ఫోన్ ప్రోగ్రాంలు గుర్తున్నాయా, 'హలో, ఎవరు మాట్లాడుతున్నారు, టీవీ వాల్యూమ్ కాస్త తగ్గించండి' అని యాంకర్ అనేది. నేను ఎస్‌టీడీ బూత్ నుంచి ఎన్నిసార్లు చేశానో, ఒక్కసారి కూడా లైన్ కలవలేదు, అయినా మా పక్కింటి పిన్నిగారికి కలిసిన రోజు వీధంతా వాళ్లింట్లోనే ఉంది.

ప్రశ్న: 'తునక్ తునక్ తున్' చెత్తా, గొప్పా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గొప్ప, అనుమానమే లేదు. దలేర్ మెహందీ పాటలు అమ్మాయిల డాన్స్ వల్లే ఆడుతున్నాయని విమర్శించేవాళ్లు, ఆయన 1998లో ఇంకెవరూ లేకుండా తననే నలుగురిగా, నాలుగు రంగుల బట్టల్లో, నేల, నీరు, నిప్పు, గాలి అని గ్రాఫిక్స్‌లో పెట్టి తీయించాడు. గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే నాసిగా ఉంటాయి నిజమే. కానీ పంజాబీ ముక్క కూడా రానివాళ్లు దేశదేశాల్లో ఆ డాన్స్ చేశారు, చివరికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఒక పాత్రకి అవే స్టెప్పులు పెట్టారు.

ప్రశ్న: తెలుగులో పాప్ వీడియోలు ఎందుకు నిలబడలేదు?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: స్మిత గారు 'హాయ్ రబ్బా' అని వచ్చినప్పుడు నేనూ నిలబడతాయనే అనుకున్నా, చాలా ఇష్టంగా చూసేదాన్ని. కానీ మనకి సినిమా పాటే పాప్ వీడియో. హీరో, విదేశీ లొకేషన్, యాభైమంది డాన్సర్లు, ఆ ఖర్చు ముందు సొంతంగా ఆల్బమ్ చేసుకునేవాళ్లు ఎక్కడ ఆగుతారు? పైగా సినిమావాళ్లు తమ పాట వేయించుకోవడానికి ఛానళ్ల వెంట పడతారు, విడి సింగర్‌కి ఆ బలం లేదు.

అయితే నిలబడలేదు అనే మాట ఇప్పుడు నేను ఒప్పుకోను. తెలంగాణ జానపదాల వీడియోలు చూడండి, బతుకమ్మ పాటలు, లవ్ ఫెయిల్యూర్ పాటలు, ఈమధ్య 'రాను బొంబాయికి రాను', ఏ మ్యూజిక్ ఛానల్ దయా లేకుండా కోట్ల వ్యూస్ తెచ్చుకున్నాయి. పొలం గట్టు, ఒక కెమెరా, ఒక డ్రోన్, ఊళ్లో పిల్లలే ఆర్టిస్టులు. ఒక్క కోరిక, ప్రతి పాటలో అదే డ్రోన్ షాట్, అదే స్లో మోషన్ కొప్పు, అదే వరస వస్తోంది, పాటలో ఉన్నంత కొత్తదనం కెమెరాలో కూడా ఉంటే బావుణ్ణు.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక బీరువాలో టీవీ పాటలు రికార్డు చేసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఇరవై దాకా దొరికాయి. పాటలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా, పారేయమంటున్నారు ఇంట్లో.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: దయచేసి పారేయొద్దండి. పాటలు యూట్యూబ్‌లో ఉంటాయి, మధ్యలో యాంకర్ మాటలు, ఆ రోజు యాడ్లు, కింద స్క్రోలింగ్‌లో వచ్చిన పేర్లు ఎక్కడా ఉండవు. వాళ్లు దాస్తారులే అనుకోకండి, 2024 జూన్‌లో ఎంటీవీ న్యూస్ వెబ్‌సైట్‌లో ఇరవై ఏళ్లకి పైగా రాసిన పాటల వార్తలన్నీ ఒక్కసారిగా కనపడకుండా తీసేశారు.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు మీద తెల్ల బూజు ఉందేమో చూడండి, ఉంటే వీసీఆర్‌లో అస్సలు పెట్టకండి, టేపుని చదివే హెడ్ పాడై మిగతా క్యాసెట్లకి కూడా అంటుకుంటుంది, వాటిని విడిగా పెట్టి తెలిసినవాళ్లకివ్వండి. బాగున్నవి పుస్తకాల్లా నిలబెట్టి తడి తగలని చోట ఉంచండి. వెనకవైపు చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది చూడండి, అది విరిచేస్తే పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డు అవదు, మనం చిన్నప్పుడు ఆ కన్నానికి సెల్లో టేప్ అంటించి రికార్డు చేసేవాళ్లం కదా, దానికి రివర్స్ అన్నమాట. పనిచేసే వీసీఆర్ ఒకటి, కంప్యూటర్‌కి తగిలించే క్యాప్చర్ కార్డు ఒకటి ఉంటే టేపుల్ని కంప్యూటర్ ఫైళ్లుగా ఇంట్లోనే మార్చుకోవచ్చు, మూడు గంటల టేపుకి మూడు గంటలూ పడుతుంది, తొందర కుదరదు. క్యాసెట్ అట్ట మీద మీ నాన్నగారు పాటల పేర్లు రాసి ఉంటే వాటిని కూడా ఫోటో తీసి ఆ ఫైల్ పక్కనే పెట్టుకోండి.